హెయిర్‌పిన్‌లో ఒక చుట్టు తేడా: పికప్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ ఎలా పనిచేస్తుంది

పోయిన వానాకాలం మా బావమరిది కొత్తగా కొన్న పికప్‌లో వైజాగ్ నుంచి అరకు బయల్దేరాం. శృంగవరపుకోట దాటేదాకా చినుకు లేదు. ఘాట్ ఎక్కడం మొదలెట్టగానే వాన పట్టుకుంది. "ఎందుకైనా మంచిది బావా, ఫోర్ వేసేస్తున్నా" అంటూ గేర్ రాడ్ పక్కనున్న నాబ్ తిప్పాడు. ఎదురుగా మీటర్లో దీపం వెలిగింది. ఆ దీపం చూసి వాడికి ధైర్యం వచ్చింది.

మొదటి రెండు వంపులు బాగానే తిరిగాం. మూడోది అచ్చమైన హెయిర్‌పిన్. స్టీరింగ్ దాదాపు చివరిదాకా తిప్పేసరికి బండి బిగుసుకుపోయింది. కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది, అయినా ఎవరో వెనక డోరు పట్టుకుని గుంజుతున్నట్టు బరువుగా కదులుతోంది. కింద ఎక్కడో టక్‌మని దెబ్బ. ఆ వెంటనే టైరు తారు మీద రాసుకున్న చప్పుడు. "గేర్ బాక్స్ పోయినట్టుంది బావా" అన్నాడు, మొహం పాలిపోయి.

నాబ్ వెనక్కి తిప్పించాను. నాలుగు గజాలు ముందుకెళ్లాక ఇంకో టక్, దీపం ఆరింది. అక్కణ్నుంచి అనంతగిరి దాకా ప్రతి మలుపూ బండి హాయిగా తిరిగింది.

బండిలో ఏదీ పోలేదు. వాన పడితే ఫోర్ వేసుకోవాలని, నాలుగు చక్రాలూ లాగితే రోడ్డు మీద పట్టు పెరుగుతుందని అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ ఊహ ఎక్కడ తప్పుతోందో తెలియాలంటే ముందు చక్రాల సంగతి కాసేపు పక్కనపెట్టి, వెనక ఇరుసు దగ్గర మొదలుపెట్టాలి.

కాడి కింద రెండు ఎడ్లు

బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం నడుస్తుంది, లోపలి చక్రం తక్కువ. ఎడ్లబండికి దీనితో బాధ లేదు. దాని చక్రాలు ఇరుసు మీద దేనికది తిరుగుతాయి. ఇంజిను వచ్చి రెండు చక్రాల్నీ ఒకే షాఫ్టుతో తిప్పాల్సి వచ్చినప్పుడే చిక్కు మొదలైంది. పికప్ కిందికి వంగి చూస్తే వెనక ఇరుసు మధ్యలో గుండ్రటి ఇనప బుర్ర ఒకటి కనిపిస్తుంది. మెకానిక్కులు హౌసింగ్ అంటారు. అందులో షాఫ్టు తిప్పుడుని చక్రాల వైపు మళ్లించే క్రౌన్, పినియన్ అనే గేర్ల జత, వాటితోపాటు కొన్ని చిన్న గేర్లు ఉంటాయి. ఆ చిన్న గేర్ల కూర్పే డిఫరెన్షియల్. ఇంజిను బలాన్ని రెండు చక్రాలకూ పంచుతూనే, అవి వేరువేరు వేగాల్లో తిరగడానికి వీలిస్తుంది.

ఈ పంపకంలో ఒక మెలిక ఉంది. డిఫరెన్షియల్ రెండు వైపులకూ ఎప్పుడూ సమానమైన బలమే ఇస్తుంది. కాడిని తలుచుకోండి. మధ్యలో బండికి కట్టి ఉంటుంది, రెండు కొసలా రెండు ఎడ్లు. ఒక ఎద్దు బలమైనది, రెండోది నీరసంగా ఉంది. బలమైన ఎద్దు తన సత్తువంతా చూపిస్తే బండి ముందుకు రాదు, కాడి ఒక పక్కకి తిరిగిపోతుంది. నీరసపు ఎద్దు ఎంత లాగగలదో, రెండోది కూడా అంతే లాగినట్టు లెక్క. డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు చేసేది అచ్చంగా ఈ కాడి పనే.

పాడేరు వైపు ఒక గెడ్డ (కొండవాగు) పక్కన మట్టిదారిలో నాకు ఇది అనుభవమైంది. అప్పుడు నా దగ్గర ఉన్నది టూ వీల్ డ్రైవ్ పికప్. సరుకు దింపేసి ఖాళీగా వస్తున్నాను. ఎడమ వెనక చక్రం బంకమట్టిలో దిగింది. కుడి వెనక చక్రం గట్టి రాతి మీద ఉంది. యాక్సిలరేటర్ నొక్కితే ఎడమ చక్రం గిర్రున తిరిగి బురదని అద్దాల దాకా ఎగజిమ్మింది. రాతి మీదున్న చక్రం అంగుళం కదల్లేదు. ఇంజిన్లో బలం లేక కాదు. బురదలో చక్రాన్ని తిప్పడానికి పిసరంత బలం చాలు, రాతి మీది చక్రానికీ ఆ పిసరే దక్కింది. ఎంత నొక్కినా అంతే. చివరికి ఊళ్లోవాళ్లు వెదురు గెడలు తెచ్చి చక్రం కింద తోసి పైకి లేపారు.

పికప్‌లకి ఈ కష్టం మామూలు కార్ల కంటే ఎక్కువ. ఇంజిను, గేర్ బాక్స్, క్యాబిన్, అందులో మనుషులు, అంతా ముందే ఉంటారు. వెనక ఖాళీ తొట్టి. టన్ను బరువు మోయడానికి కట్టిన గట్టి కమాన్ పట్టీలు ఖాళీ బండిలో చలించవు, చక్రాన్ని గోతుల్లోకి దించి నేలకి ఆన్చవు. ఇంజిను బలమేమో వెనక చక్రాలకే వెళ్తుంది. అందుకే తడిసిన పచ్చిక మీద కూడా ఖాళీ పికప్ ఇరుక్కుపోతుంది. వెనక ఇరుసుకి సరిగ్గా పైన నాలుగు ఇసక బస్తాలు వేసుకుని బయల్దేరే డ్రైవర్లకి ఈ సంగతి ఎవరూ పాఠం చెప్పలేదు, దారే నేర్పింది.

ఇప్పుడు ముందు ఇరుసు

ఫోర్ వీల్ డ్రైవ్ అంటే గేర్ బాక్స్ వెనక ఇంకో పెట్టె బిగించడం. దాని పేరు ట్రాన్స్‌ఫర్ కేస్. గేర్ బాక్స్ నుంచి వచ్చే బలం ముందుగా ఇందులోకి చేరుతుంది. దీన్నుంచి ఒక ప్రొపెల్లర్ షాఫ్ట్ వెనక హౌసింగ్‌కి, ఇంకోటి ముందుకి మళ్లి ముందు ఇరుసుకి పోతాయి. ముందు ఇరుసుకీ తన సొంత డిఫరెన్షియల్ ఉంటుంది.

నాబ్ టూ హెచ్‌లో (2H, అంటే రెండు చక్రాలు, మామూలు హై వేగం) ఉంటే బలమంతా వెనక్కే. ఫోర్ హెచ్‌కి (4H, నాలుగు చక్రాలు, అదే హై వేగం) తిప్పితే ట్రాన్స్‌ఫర్ కేస్ లోపల పళ్లున్న ఒక రింగు జరిగి, ముందు షాఫ్టునీ వెనక షాఫ్టునీ ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. ముడి అంటే ముడే. ముందు షాఫ్ట్ ఒక చుట్టు తిరిగితే వెనక షాఫ్టూ సరిగ్గా ఒక చుట్టే తిరగాలి. మన దగ్గర అమ్మే పికప్‌లలో, తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ క్రాస్ గానీ, 2022లో మన దేశానికి వచ్చిన టయోటా హైలక్స్ గానీ, ఉన్నది ఈ పద్ధతే. దీన్ని పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ అంటారు. అవసరమైనప్పుడు వేసుకోవాలి, అవసరం తీరాక తీసెయ్యాలి. ఆ పేరులోనే అంతా ఉంది.

చాలామంది ఫోర్ వేస్తే బలం ముందుకి సగం, వెనక్కి సగం పోతుందంటారు. అది సరికాదు. సగం సగం పంచేది డిఫరెన్షియల్, అంటే కాడి. ఇక్కడ రెండు షాఫ్టుల మధ్య కాడి లేదు, ఇనప ముడి ఉంది. కాబట్టి వెనక చక్రాలు రెండూ బురదలో ఉండి ముందువి గట్టి నేల మీదుంటే, లాగుడంతా ముందు నుంచే వస్తుంది. ఎక్కడ పట్టు దొరికితే అక్కణ్నుంచే బలం పనిచేస్తుంది. బురదలో ఈ ముడి చేసే మేలు ఇదే. తారు మీద కీడు చేసేదీ ఈ ముడే.

అరకు మలుపులో జరిగింది

సందు మలుపులో లారీ తిరిగేటప్పుడు చూడండి, ముందు చక్రం అరుగుని తప్పించుకుంటుంది, వెనక చక్రం అరుగు మూలని రాసుకుంటూ పోతుంది. ముందు చక్రాలు పెద్ద వలయం మీద తిరుగుతాయి, వెనకవి చిన్న వలయం మీద. అంటే మలుపులో తేడా కుడి ఎడమ చక్రాల మధ్యే కాదు, ముందు వెనక చక్రాల మధ్య కూడా ఉంటుంది.

ఎంత తేడానో లెక్క కడదాం. మన పెద్ద పికప్‌లలో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం దాదాపు 3.1 మీటర్లు. హెయిర్‌పిన్‌లో వెనక ఇరుసు మధ్యభాగం 6 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతోందనుకుందాం. అప్పుడు ముందు ఇరుసు మధ్యభాగం తిరిగే వ్యాసార్ధం సుమారు 6.75 మీటర్లు అవుతుంది. స్కూల్లో చదువుకున్న లంబకోణ త్రిభుజం లెక్కే. సగం వలయం పూర్తయ్యేసరికి వెనకవి 18.8 మీటర్లు నడుస్తాయి, ముందువి 21.2 మీటర్లు. తేడా 2.4 మీటర్లు. ఆ బండి టైరు చుట్టుకొలత కూడా ఇంచుమించు 2.4 మీటర్లే.

అంటే ఒకే ఒక్క హెయిర్‌పిన్‌లో ముందు చక్రాలు వెనకవాటి కంటే ఒక పూర్తి చుట్టు ఎక్కువ తిరగాలి. మనమేమో నాబ్ తిప్పి రెండూ సమానంగా తిరగాల్సిందేనని ముడివేశాం. ఆ ఒక చుట్టు ఎక్కడికి పోవాలి? ముందుగా షాఫ్టులు, గేర్ పళ్లు, క్రాస్ జాయింట్లు మెలితిరిగి కొంత దాచుకుంటాయి. అక్కడే బండి బిగుసుకున్నట్టు అనిపిస్తుంది. దాచుకునే చోటు అయిపోయాక ఏదో ఒక టైరు తారు మీద బలవంతంగా జారాలి. ఆ జారుడులో మెలిక ఒక్కసారిగా విడుతుంది. మేం విన్న టక్ అదే. నాబ్ వెనక్కి తిప్పిన వెంటనే దీపం ఆరకపోవడానికీ కారణం ఇదే. మెలిక బిగువులో పళ్లు ఒకదాన్నొకటి కరుచుకుని ఉంటాయి, బండి తిన్నగా కొంచెం నడిచి బిగువు సడలితేనే రింగు వదులుతుంది.

బురదలో, ఇసకలో, గులకరాళ్ల మీద ఈ తేడా మనకి తెలియనే తెలియదు. టైరు కింద నేల మెత్తగా జరిగి ఆ చుట్టుని తనలో కలిపేసుకుంటుంది. తారు ఆ మాత్రం సర్దుకోదు. వాన కురిసినా తారుకి పట్టు చాలావరకు మిగిలే ఉంటుంది, షాఫ్టుని మెలితిప్పడానికి అది చాలు. పైగా ప్రమాదం కూడా ఉంది. అంచుల్లో పట్టు చాలని చోట జారేది ముందు టైరైతే, మనం స్టీరింగ్ తిప్పినంతగా బండి తిరగదు, లోయ వైపు తిన్నగా పోవాలని చూస్తుంది. ధైర్యం కోసం వేసిన ఫోర్ ఘాట్ మలుపులో సరిగ్గా తప్పు దిక్కుకి తోస్తుంది. నేను దీని గురించి ఇంత పట్టుబట్టి చెప్పేది అందుకే. తడి తారు మీద కావలసినవి మంచి టైర్లు, తగ్గించిన వేగం, సెకండ్ గేర్. నాబ్ టూ హెచ్‌లోనే ఉండాలి.

మరి కొన్ని కార్లు వానలో ఎప్పుడూ నాలుగు చక్రాల మీదే నడుస్తాయి కదా అంటే, వాటిలో ముందు వెనక షాఫ్టుల మధ్య మూడో డిఫరెన్షియల్ గానీ, జారుతూ పట్టుకునే క్లచ్ పళ్లేలు గానీ ఉంటాయి. ఆ ఒక చుట్టు తేడాని అవి మింగుతాయి. ఆల్ వీల్ డ్రైవ్ అనేది వాటినే. పికప్‌లో వాడే మొరటు ముడికీ దానికీ పోలిక పేరులోనే.

నడక కంటే నెమ్మదిగా

ఫోర్ ఎల్ (4L, నాలుగు చక్రాలు, లో అంటే తక్కువ వేగం) గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, కానీ ఏజెన్సీ దారుల్లో నాకు ఎక్కువ అక్కరకొచ్చింది అదే. ట్రాన్స్‌ఫర్ కేస్‌లో ఇంకో గేర్ల జత ఉంటుంది. ఫోర్ ఎల్ వేస్తే గేర్ బాక్స్ నుంచి వచ్చే వేగాన్ని అది సుమారు రెండున్నర రెట్లు తగ్గిస్తుంది. వేగం ఎంత తగ్గితే తిప్పే బలం అంత పెరుగుతుంది.

గుండ్రటి అంకెలతో చూద్దాం. ఫస్ట్ గేర్ నిష్పత్తి 4, క్రౌన్ పినియన్ నిష్పత్తి 4 అనుకుంటే, ఇంజిను 16 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. ఇంజిను నిమిషానికి 800 చుట్లతో ఊరికే నడుస్తుంటే చక్రం 50 చుట్లు, అంటే నిమిషానికి 120 మీటర్లు. గంటకి 7 కిలోమీటర్ల పైచిలుకు. ఫోర్ ఎల్‌లో అదే ఇంజిను 40 చుట్లు తిరిగితే గానీ చక్రం ఒక చుట్టు తిరగదు. గంటకి 3 కిలోమీటర్ల లోపు. పక్కన మనిషి మామూలుగా నడిచినా బండిని దాటిపోతాడు.

ఈ నెమ్మది అక్కరకొచ్చేది నిలువు దిగుడులో. రాళ్లు లేచిన మట్టి దిగుడులో బ్రేక్ నొక్కితే చక్రం బిగిసి, బండి పలకలా జారుతుంది. ఫోర్ ఎల్, ఫస్ట్ గేర్ వేసి, రెండు కాళ్లూ పెడళ్ల మీంచి తీసేస్తే ఇంజినే బండిని పట్టుకుని దింపుతుంది. ఆ పట్టు నాలుగు చక్రాల్లోనూ ఉంటుంది, చక్రాలు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి స్టీరింగ్ మాట వింటుంది. ఏదో ఒక కాలు అలవాటుగా క్లచ్ మీదికి పోతుంది. అది మాత్రం నొక్కకూడదు. క్లచ్ నొక్కిన క్షణం ఇంజిను పట్టు పోయినట్టే. ఫోర్ ఎల్ వేయాలంటే బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో పెట్టి వేయాలి. ఫోర్ హెచ్ చాలా బళ్లలో నడుస్తుండగానే పడుతుంది, చక్రాలు తిన్నగా ఉండి, జారకుండా ఉంటే చాలు. చక్రం గిర్రున తిరుగుతున్నప్పుడు నాబ్ తిప్పడం గేర్ పళ్లని చేజేతులా అరగదీయడమే.

1941లో వచ్చిన విల్లీస్ జీపుల్లో ఈ పనికి నాబ్ లేదు. గేర్ రాడ్ పక్కన రెండు పొట్టి రాడ్లు ఉండేవి. ఒకటి ముందు ఇరుసుని కలపడానికి, రెండోది హై లో మార్చడానికి. లోపలి సూత్రం మాత్రం అప్పటికీ ఇప్పటికీ ఒకటే. పళ్ల రింగుని తోసే ఫోర్క్‌ని అప్పుడు డ్రైవర్ చెయ్యి జరిపేది, ఇప్పుడు చిన్న మోటారు జరుపుతోంది.

నాలుగు అన్నా రెండే

ఫోర్ వేసినా బండి ఇరుక్కుపోయే సందర్భం ఒకటుంది. ముందు వెనక షాఫ్టులని ముడివేశాం గానీ, ఏ ఇరుసుకి ఆ ఇరుసులో కాడి అలాగే ఉంది. కాలవ అడ్డంగా కోసిన దారిలో బండి ఏటవాలుగా దిగితే ముందు కుడి చక్రం ఒకటి, వెనక ఎడమ చక్రం ఒకటి గాల్లోకి లేస్తాయి. అప్పుడు ఆ రెండూ గాల్లో తిరుగుతాయి, నేల మీదున్న రెండూ చూస్తూ ఊరుకుంటాయి. నాలుగు చక్రాల బండి కాస్తా కదలదు.

దీనికి గట్టి మందు డిఫరెన్షియల్ లాక్. బటన్ నొక్కితే వెనక కాడి తిరగకుండా బిగుసుకుంటుంది. రెండు వెనక చక్రాలూ ఒకే ఇరుసుకి అతికించినట్టు కలిసి తిరుగుతాయి. హైలక్స్‌లో వెనక ఇరుసుకి ఇది ఉంది. లాక్ వేసుకున్నప్పుడు మలుపు తిరగడం కష్టం, గోతిలోంచి బయటపడగానే తీసెయ్యాలి.

లాక్ లేని బళ్లలో ట్రాక్షన్ కంట్రోల్ ఉంటుంది. గాల్లో తిరుగుతున్న చక్రానికి మాత్రమే కంప్యూటర్ బ్రేక్ వేస్తుంది. కాడి సూత్రం మళ్లీ గుర్తుచేసుకోండి. నీరసపు ఎద్దుని బ్రేక్ వెనక్కి పట్టి లాగితే, కాడికి ఆ వైపు కూడా బరువు ఉన్నట్టు అనిపిస్తుంది. అంత బలమూ రెండో వైపుకీ చేరుతుంది. పాత డ్రైవర్లు ఇరుక్కున్నప్పుడు హ్యాండ్ బ్రేక్ రెండు మూడు పళ్లు లాగి యాక్సిలరేటర్ మెల్లగా ఇచ్చేవారు. కంప్యూటర్ చేసేదీ ఆ పనే, ఇంకాస్త నేర్పుగా, ఏ చక్రానికి కావాలో ఆ చక్రానికే.

ఇక బ్రేకుల మాట. ఫోర్ వేస్తే బండి త్వరగా ఆగదు. ప్రతి బండికీ నాలుగు చక్రాలకీ బ్రేకులు ఎలాగూ ఉన్నాయి. ఫోర్ వల్ల జారే నేల మీద వేగం తేలిగ్గా అందుకుంటాం, ఆగేటప్పుడు మాత్రం టైరుకి ఎంత పట్టుందో అంతే. ఇది గుర్తుంచుకోకపోతే వేగం పెరుగుతుంది, ఆగే దూరం పెరిగిన సంగతి ముందున్న బండి దగ్గరికి వచ్చాకే తెలుస్తుంది.

ఇసక, గెడ్డ, ఉప్పుగాలి

మన తీరంలో పొడి ఇసకలో ఫోర్ కంటే ముందు చూసుకోవలసింది టైర్లలో గాలి. రోడ్డు మీద 30 పీఎస్‌ఐ పైన ఉండే గాలిని 18, 20 దాకా దించితే టైరు పొడుగ్గా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ చోటికి పంచుకుంటుంది, చక్రం దిగదు. తిరిగి రోడ్డెక్కేముందు గాలి నింపాల్సిందే. అయితే భీమిలి వైపు గానీ ఇంకెక్కడ గానీ బీచ్ మీదికి సరదాకి బండి దించకండి. శీతాకాలం చివర్నుంచి ఈ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఇసక కింద గుడ్లున్నాయని పైనుంచి చూస్తే తెలియదు.

గెడ్డ దాటేటప్పుడు ఇంకో సంగతి. హౌసింగ్‌లకీ, ట్రాన్స్‌ఫర్ కేస్‌కీ ఊపిరి గొట్టాలుంటాయి. ఘాట్ ఎక్కి వేడెక్కిన హౌసింగ్‌ని చల్లటి నీళ్లలో దింపితే లోపలి గాలి కుంచించుకుని బయటి నుంచి పీల్చుకుంటుంది. గొట్టం మూసుకుపోయినా, దాని కొస నీళ్లలో మునిగినా, అరిగిన సీలు సందుల్లోంచి నీళ్లు లోపలికి చేరతాయి. అందుకే ఒడ్డున పది నిమిషాలు ఆగి, చల్లారాక దిగడం మంచిది. లోతుగా దాటి వచ్చాక హౌసింగ్ ఆయిల్ కొంచెం తీయించి చూడాలి. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే, అదే రోజు మార్పించాలి. ఒక వారం వదిలేస్తే బేరింగులు కూతపెడతాయి.

వైజాగ్‌లో ఉండేవాళ్లకి అన్నిటికంటే దగ్గరి ముప్పు ఉప్పుగాలి. ఏడాదంతా టూ హెచ్‌లోనే తిరిగితే ముందు ఇరుసుని కలిపే ఫోర్క్, దాన్ని జరిపే మోటారు కదలక తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. నాకు ఒకసారి అలాగే జరిగింది. తొమ్మిది నెలల తర్వాత మొదటి వానలో నాబ్ తిప్పితే దీపం మిణుకుమిణుకుమంటూనే ఉంది, నిలబడి వెలగలేదు. పళ్లు ఎదురెదురుగా తగిలి ఆగినప్పుడు కూడా దీపం అలాగే మిణుకుతుంది. స్టీరింగ్ తిన్నగా పెట్టి బండిని రెండడుగులు ముందుకీ వెనక్కీ కదిపితే పడాలి. నాది పడలేదు. ఆటోనగర్‌లో విప్పి చూస్తే ఫోర్క్ రాడ్ మీద తుప్పు గోరుతో గీకితే పొరలుగా లేచింది.

అప్పట్నుంచి నెలకొకసారి, ఆదివారం పొద్దున్నే, ఆనందపురం దాటాక ఒక తోట పక్క మట్టిదారిలోకి తిప్పుతాను. ఫోర్ హెచ్‌లో ఐదారు కిలోమీటర్లు తిన్నగా నడుపుతాను, ముందు హౌసింగ్‌లో ఆయిల్ అంతటా తడిసేలా. తర్వాత ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, ఫోర్ ఎల్ వేసి ఒక వంద గజాలు. ఇంటికొచ్చాక పైన దుమ్మున్నా సరే, ముందు కింద ఇరుసుల మీద మంచినీళ్లు కొట్టి కడుగుతాను.